మారిన ప్లాను కొత్త ప్లాను కాదు

భీమవరం, తణుకు, పాలకొల్లు, అమలాపురం, మండపేట. గోదావరి డెల్టాలో ఏ పట్టణం శివారు చూసినా వరుస ఇళ్ళ వెంచర్లు లేస్తున్నాయి. గోడకు గోడ ఆనించి, కింద హాలూ వంటగదీ, పైన పడకగదులూ, వాకిట్లో ఒక కారు పట్టేంత జాగా. కొందరు డూప్లెక్స్ అంటారు, కొందరు రో హౌస్ అంటారు, ఈమధ్య బ్రోచర్లలో టౌన్‌హోమ్ అని కూడా వేస్తున్నారు. 120 గజాల్లో సొంత గడపా సొంత డాబా వస్తుంటే అపార్ట్‌మెంటు కన్నా ఇదే నయమని జనం అనుకోవడంలో తప్పేమీ లేదు.

ఇబ్బందల్లా ప్లాను మంజూరై, సగం ఇళ్ళు అమ్ముడయ్యాక మొదలవుతుంది. బిల్డరు రివైజ్డ్ ప్లాను, అంటే మార్చిన ప్లాను, పెడతాడు. మంజూరు చేసే ఆఫీసులో ఆ ఫైలును కొత్త దరఖాస్తును చూసినట్టే చూస్తారు. రోడ్డు వెడల్పు సరిపోయిందా, ఖాళీ స్థలం శాతం సరిపోయిందా, సెట్‌బ్యాకులు, అంటే ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీలు, ఉన్నాయా? ఉంటే మంజూరు. కానీ కొత్త దరఖాస్తు నాటికి కొనుగోలుదారు అనేవాడు ఉండడు. రివైజ్డ్ ప్లాను నాటికి ఉంటాడు, పాత బొమ్మ చూసి లక్షలు కట్టి ఉంటాడు. అతనికి కావలసిన ప్రశ్న వేరు: పాత ప్లానులో నాకున్నదేమిటి, కొత్త ప్లానులో పోయిందేమిటి? మంజూరు చేసే స్థానిక సంస్థే ఈ ప్రశ్న వేయాలి, జవాబు ఫైల్లో రాతపూర్వకంగా ఉండాలి అన్నది నా వాదన. నిబంధనల కనీస గీత దాటలేదు కదా అని సంతకం పెట్టేయడం సగం పని మాత్రమే.

లెక్క వేసి చూస్తే ఇది ఎంత పెద్ద విషయమో తెలుస్తుంది. రెండెకరాల స్థలం అనుకుందాం, అంటే 9,680 గజాలు. పాత ప్లానులో ఎనిమిది వరుసలు, వరుసకు ఆరు ఇళ్ళు, మొత్తం 48. ఒక్కో ఇల్లు 20 అడుగుల ముఖం, 54 అడుగుల లోతు, 120 గజాలు. ఇళ్ళ కింద 5,760 గజాలు పోగా, ఖాళీ స్థలం 1,250, రోడ్లూ నడకదారులూ 2,670. ఒక వరుస చివరకూ దాని పక్కన మొదలయ్యే వరుసకూ మధ్య 40 అడుగుల ఖాళీ. అందులో కొంత నడకదారి, కొంత గడ్డి.

ఇప్పుడు రివైజ్డ్ ప్లాను వచ్చింది. ఎనిమిదింట ఆరు వరుసలకు చివర ఒక్కో ఇల్లు కలిపారు. 48 కాస్తా 54 అయ్యాయి. 40 అడుగుల ఖాళీలు 20 అడుగులకు కుదించుకుపోయాయి. పోయిన 720 గజాల్లో 450 దారుల లెక్కలోంచి, 270 ఖాళీ స్థలం లెక్కలోంచి. ఇప్పుడు 2017 నాటి ఆంధ్రప్రదేశ్ భవన నిర్మాణ నిబంధనలు, అంటే జీవో 119, దగ్గర పెట్టుకుని చూడండి. ఒక వరుసలో ఎనిమిది ఇళ్ళు మించకూడదు: ఇక్కడ ఏడే. వరుసల మధ్య ఆరు మీటర్లు తగ్గకూడదు: 20 అడుగులంటే ఆరు మీటర్ల పైమాటే. ఖాళీ స్థలం స్థలంలో పది శాతం ఉండాలి, అంటే 968 గజాలు: ఇక్కడ 980 మిగిలింది. అన్నీ పాసే. కంప్యూటరులో బొమ్మను తనిఖీ చేసే సాఫ్ట్‌వేర్ ఎక్కడా ఎర్ర గీత పెట్టదు. అది బొమ్మను నిబంధనతో పోలుస్తుంది, బొమ్మను బొమ్మతో పోల్చదు.

కొన్నవాళ్ళ వైపు నుంచి ఇదే లెక్క వేయండి. పాత ప్లానులో ఉమ్మడి జాగా 3,920 గజాలు, 48 ఇళ్ళకు పంచితే ఇంటికి సుమారు 82 గజాలు. కొత్త ప్లానులో 3,200 గజాలు, 54 ఇళ్ళకు, ఇంటికి 59. ఒక్కో ఇంటివాడి చేతిలోంచి 22 గజాల పైచిలుకు జారిపోయింది, ధర మాత్రం పాతదే. దస్తావేజులో అవిభక్త వాటా రాసి ఉంటే ఆ అంకె అబద్ధమైపోతుంది. రోడ్లూ పార్కూ గిఫ్ట్ డీడ్ చేసి మున్సిపాలిటీకో పంచాయతీకో రాసిచ్చే పద్ధతిలో అయితే వాటా కాగితం మీద కనిపించదు గానీ, పిల్లలు ఆడుకునే చోటూ, చుట్టం వస్తే బండి పెట్టే చోటూ అంతే తగ్గుతాయి.

ఇంకొకటి ఉంది. వరుస చివరి ఇంటికి మూడు వైపులా గాలీ వెలుతురూ వస్తాయి. మధ్య ఇళ్ళకు ముందూ వెనకా తప్ప దారి లేదు. అందుకే చివరి ఇల్లు ఎక్కువ ధరకు పోతుంది. ఆ చివర ఇంకో ఇల్లు కడితే అక్కడి ఆరుగురూ డబ్బు పెట్టి కొనుక్కున్న పక్క కిటికీలు గోడలో కలిసిపోతాయి. ఆ ఆరుగురికీ జరిగిన నష్టం మిగతా అందరికీ జరిగినదాని కన్నా పెద్దది, వేరే రకంది. ఫైల్లో ఎక్కడా ఆ తేడా కనిపించదు.

కట్టడం సంగతి కూడా చూడాలి. చివరి గోడ బయటి గోడగా కట్టినది. దాని పునాది ఫుటింగ్ గోడ గీత దాటి ఖాళీ జాగాలోకి పొడుచుకు వచ్చి ఉంటుంది. కొత్త ఇంటి స్తంభం సరిగ్గా అక్కడే దిగాలి. పాత ఫుటింగు మీద కొత్త బరువు వేయకూడదు, పక్కన లోతుగా తవ్వితే పాతదాని కింద మట్టి జారుతుంది. స్ట్రాప్ ఫుటింగు (దూలంతో పక్క పునాదికి కలిపేది) వేసి స్తంభాన్ని లోపలికి జరపాలి, పాత గోడకూ కొత్త గోడకూ మధ్య ఎక్స్‌పాన్షన్ జాయింటు, అంటే అవి అంటుకోకుండా ఒక సందు, వదలాలి. డెల్టా నల్లరేగడి ఎండకు బిగిసి, వానకు ఉబ్బుతుంది. ఏడాది ముందు కట్టిన ఇల్లు అప్పటికే కొంత దిగి కూర్చుంటుంది, కొత్తది తరవాత దిగుతుంది. జాయింటు లేకపోతే రెండు గోడలు కలిసేచోట పైనుంచి కింది దాకా పగులు వస్తుంది, ఆ పగుల్లోంచి వాన నీరు పడకగదిలోకి దిగుతుంది. చేపల చెరువూ రొయ్యల చెరువూ పూడ్చి మెరక చేసిన జాగాల్లో ఇది ఇంకా ముదురుతుంది. పూడిక ఒకచోట నాలుగడుగులు, ఇంకోచోట ఏడడుగులు ఉంటుంది కాబట్టి నేల ఒకే తీరున దిగదు. రివైజ్డ్ ప్లానుతో పాటు స్ట్రక్చరల్ ఇంజనీరు కొత్త డ్రాయింగూ, కలిపే చోట మట్టి పరీక్షా ఇవ్వాల్సిందే. పాత సర్టిఫికెట్టుకు జిరాక్సు తీసి పెడితే ఒప్పుకోకూడదు.

ఇక నీళ్ళు. డెల్టాలో ప్లాను అంటే ముందు నీటి ప్లానే. ధవళేశ్వరం నుంచి సముద్రం దాకా నేల దాదాపు బల్లపరుపు. ఇక్కడ ప్రతి పంట బోదెకూ (పొలాలకు నీరిచ్చే చిన్న కాలువకూ) జతగా మురుగు బోదె ఉంటుంది, ఆ మురుగు పెద్ద డ్రెయిన్లలో కలిసి, యనమదుర్రు, ఉప్పుటేరు, తుల్యభాగ, కౌశిక లాంటివాటి దారిన సముద్రానికి చేరాలి. పోటు సమయంలోనూ తుపాను గాలిలోనూ సముద్రం ఆ నీటిని వెంటనే పుచ్చుకోదు, వెనక్కి నెడుతుంది. ఆ కొన్ని గంటలు వాన నీరు వెంచరులోనే ఎక్కడో నిలబడాలి.

రెండెకరాల మీద పది సెంటీమీటర్ల వాన పడితే ఎనిమిది లక్షల లీటర్ల నీరు. అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు 160. అక్టోబరు, నవంబరు తుపానుకు అది ఒక్కరోజు వాన. పాత ప్లాను గీసిన మనిషి తెలివైనవాడైతే పార్కును స్థలంలో పల్లపు మూలకు, మురుగు బోదె పక్కన పెట్టి ఉంటాడు, రోడ్డు కన్నా ఒక అడుగు దిగువన. అక్కడ నీరు నిలిచి, బోదె తగ్గాక మెల్లగా దిగిపోతుంది. రివైజ్డ్ ప్లానులో ఆ మూల, ఎదురుగా మెయిన్ రోడ్డు ఉన్నదని, ఇళ్ళకు ఇచ్చి పార్కును వెనక ట్రాన్స్‌ఫార్మరు పక్కన మిగిలిన మెరక ముక్కకు తోస్తారు. నిబంధన అడిగే పది శాతానికి అంగుళం కూడా తగ్గదు. కానీ నీరు నిలిచే చోటు పోయింది, ఆ నీరు ఇప్పుడు మొదటి వరుస ఇళ్ళ హాల్లో నిలుస్తుంది. ఎంత అన్న లెక్కే ఫైల్లో ఉంటుంది తప్ప ఎక్కడ, ఏ మట్టంలో అన్న లెక్క ఉండదు. నన్నడిగితే ఈ వ్యవహారం మొత్తంలో అన్నిటికన్నా ప్రమాదకరమైన ఖాళీ ఇదే.

డ్రెయిన్ల మట్టం కూడా అంతే. సిమెంటు కాలువలో మురుగు పారాలంటే 300 అడుగులకు ఒక అడుగు వాలు ఉండాలనుకుందాం. మొదట్లో 30 సెంటీమీటర్ల లోతుతో మొదలై 160 మీటర్లు నడిచిన కాలువ చివరకు 83 సెంటీమీటర్ల లోతుకు దిగుతుంది. కొత్త ఇళ్ళు అడ్డొచ్చి కాలువ చుట్టూ తిరిగి 220 మీటర్లయితే లోతు 103 సెంటీమీటర్లు. బయటి మురుగు బోదెలో వర్షాకాలపు నీటి మట్టం రోడ్డుకు 90 సెంటీమీటర్ల దిగువన ఉంటే మొదటి కాలువ పారుతుంది, రెండోదాంట్లోకి బోదె నీరే ఎదురొస్తుంది. పైనుంచి చూస్తే రెండు కాలువలూ ఒకలాగే ఉంటాయి. అందుకే రివైజ్డ్ ప్లాను మీద ప్రతి రోడ్డు కూడలి దగ్గరా మట్టం, కాలువ అడుగు మట్టం, బయటి బోదెలో వర్షాకాలపు నీటి మట్టం అంకెల్లో వేసి ఉండాలని అడగాలి. సర్వేయరు ఆటో లెవెల్‌తో ఒక పూటలో తీసే అంకెలు ఇవి.

స్థల పరిశీలన ఎప్పుడు చేశారన్నదీ చూడాలి. వేసవిలో కాలువలు కట్టేస్తారు. మే నెలలో వచ్చి చూస్తే పంట బోదె ఎండిన గుంతలా కనిపిస్తుంది, "నీటి వనరు ఏదీ లేదు" అని నివేదిక రాసేయవచ్చు. జూన్‌లో నీళ్ళు వదిలాక అదే బోదె కింద ఉన్న యాభై ఎకరాలకు ప్రాణం. బోదెను పక్కకు జరిపేటప్పుడు, మీద దారి వేసేటప్పుడు బోదె స్థానంలో తూము గొట్టం వేస్తారు. 600 మిల్లీమీటర్ల గొట్టం చోట 300 వేస్తే సగం నీరు పోతుందని చాలామంది అనుకుంటారు. అదే వాలులో పోయేది ఆరో వంతు మాత్రమే. ఆయకట్టు చివరి రైతు గొడవ పడేది అందుకే, అతని గొడవ న్యాయమైనది. పాత ప్లానుకు జలవనరుల శాఖ ఇచ్చిన ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం) బోదె పాత అలైన్‌మెంటుకు, అంటే పాత దారికి, ఇచ్చినది. బోదె ఒక్క మీటరు జరిగినా కొత్తది కావాలి. పది మీటర్ల కన్నా వెడల్పైన కాలువకు, డ్రెయిన్‌కు దాని హద్దు నుంచి తొమ్మిది మీటర్లు, అంతకన్నా చిన్నదానికి రెండు మీటర్లు వదలాలన్నది నిబంధన. ఆ హద్దు గట్టు లోపలి అంచు నుంచా, గట్టు బయటి అంచు నుంచా అన్నది రెవెన్యూ పటం చూసి తేల్చాలి, టేపు పట్టినవాడి ఇష్టాన్ని బట్టి కాదు.

మురుగునీటి సంగతి క్లుప్తంగా. మనిషికి రోజుకు 135 లీటర్లు, ఇంటికి అయిదుగురు, వాడిన దాంట్లో 80 శాతం మురుగు అన్న మామూలు లెక్కన 48 ఇళ్ళకు రోజుకు దాదాపు 26 వేల లీటర్లు, 54 ఇళ్ళకు 29 వేలు. భూగర్భ జలం నాలుగైదు అడుగుల్లోనే తగిలే చోట సోక్‌పిట్ (ఇంకుడు గుంత) నీటిని ఇంకించుకోదు. పాత సామర్థ్యంతో కట్టిన ఉమ్మడి ట్యాంకుకు ఆరు ఇళ్ళు కలపడం అంటే దాన్ని పొంగించడమే. ట్రాన్స్‌ఫార్మరు, బోరు, ఓవర్‌హెడ్ ట్యాంకు లెక్కలూ ఇలాగే మళ్ళీ వేయాలి.

చట్టం ఏమంటుందో చూద్దాం. 2016 రెరా చట్టం, అంటే స్థిరాస్తి వ్యాపారాన్ని నియంత్రించే కేంద్ర చట్టం, 14వ సెక్షన్ ఈ విషయంలో చాలా సూటిగా ఉంది. మంజూరైన ప్లాను కొనేవాడికి చూపించాక, అతను కొన్న ఇంటికి సంబంధించిన మార్పు చేయాలంటే అతని ముందస్తు అంగీకారం కావాలి. వాస్తు కోసమో సదుపాయం కోసమో కొన్నవాడే అడిగిన చిన్న మార్పులకు, ఆర్కిటెక్టో ఇంజనీరో నిర్మాణపరంగా తప్పదని రాసిచ్చి, ప్రకటించి, తెలియజేసిన చిన్న మార్పులకు మినహాయింపు ఉంది. మిగతా ప్లానులో, లేఔట్‌లో, ఉమ్మడి ప్రాంతాల్లో ఏ మార్పుకైనా ప్రమోటరును (బిల్డరును) మినహాయించి కొన్నవాళ్ళలో కనీసం మూడింట రెండు వంతుల మంది ముందుగా రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఒకే మనిషి, ఒకే కుటుంబం, ఒకే కంపెనీ ఎన్ని ఇళ్ళు తీసుకున్నా ఒక్క లెక్కే. మన ఉదాహరణలో 40 ఇళ్ళు అమ్ముడై, అందులో అయిదు ఒకే కుటుంబానివైతే లెక్కకొచ్చేది 36 మంది, కావలసిన సంతకాలు 24. బిల్డరు తన బంధువుల పేర ఇళ్ళు పెట్టి సంతకాలు కూడగట్టకుండా చూడడానికే ఆ వివరణ. ఫైలు చూసే అధికారి పేర్ల జాబితాతో పాటు కుటుంబ సంబంధాల ధ్రువీకరణ కూడా అడిగితేనే దానికి అర్థం ఉంటుంది.

చివరి ఇళ్ళ ఆరుగురి విషయంలో మూడింట రెండు వంతుల లెక్క చాలదని నేననుకుంటాను. పక్క కిటికీలు మూసుకుపోవడం వాళ్ళ ఇంటిలో మార్పే. ఆ ఆరుగురూ విడివిడిగా ఒప్పుకోవాలి. ఒక్కరు కాదంటే ఆ వరుసకు ఇల్లు కలపకూడదు.

"అగ్రిమెంట్‌లోనే ఒప్పుకున్నారు కదా" అంటారు బిల్డర్లు. నిజమే, చాలా అగ్రిమెంట్లలో "అవసరాన్ని బట్టి ప్లానులో మార్పులు చేయుటకు కొనుగోలుదారునకు ఎట్టి అభ్యంతరము లేదు" అని ఒక వాక్యం దూర్చేస్తారు. కానీ 14వ సెక్షన్ రెండో ఉపవిభాగం మొదలయ్యేదే, ఏ చట్టంలో, ఏ కాంట్రాక్టులో, ఏ ఒప్పందంలో ఏమున్నా సరే అని. మహారాష్ట్ర పాత ఫ్లాట్ల చట్టం కింద 2010లో మధువిహార్ కేసులో బాంబే హైకోర్టు కూడా, మొదట్లోనే తీసుకున్న గంపగుత్త అంగీకారం చెల్లదని, ఏ మార్పు చేస్తున్నారో చెప్పి తీసుకున్నదే అంగీకారమని తేల్చింది. అంగీకార పత్రం మీద కొత్త ప్లాను నంబరూ తేదీ లేకపోతే, బొమ్మ జతచేసి లేకపోతే, ఆఫీసు దాన్ని పక్కన పెట్టాలి.

ఇవి చిన్న విషయాలని ఎవరైనా అనుకుంటే నోయిడా వైపు చూడాలి. సెక్టార్ 93ఏలోని ఎమరాల్డ్ కోర్టుకు 2005లో ప్లాను మంజూరైంది. 2006లో, 2009లో, 2012లో సవరించారు. పచ్చిక అని చూపించిన చోట రెండు టవర్లు లేచి నలభై అంతస్తుల దాకా అనుమతి తెచ్చుకున్నాయి. ప్రతి సవరణకూ అధికారిక ముద్ర ఉంది. అక్కడ నివసిస్తున్నవాళ్ళు కోర్టుకెక్కారు. 2014లో అలహాబాద్ హైకోర్టు కూల్చమంది, 2021 ఆగస్టు 31న సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలబెట్టింది, భవనాల మధ్య ఉండాల్సిన దూరం లేదని, నివాసుల అంగీకారం తీసుకోలేదని, అధికారులూ బిల్డరూ కుమ్మక్కయ్యారని చెప్పింది. 2022 ఆగస్టు 28న రెండు టవర్లూ నేలమట్టమయ్యాయి. అంతకు ముందే 1991లో, బెంగళూరులో పార్కుకు కేటాయించిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోంకు ఇవ్వడం చెల్లదని సుప్రీంకోర్టు తేల్చింది. ఆ పార్కు కోసం అడిగే హక్కు చుట్టుపక్కల ఉన్నవాళ్ళకు ఉందని కూడా చెప్పింది. మన వరుస ఇళ్ళలో కలిపేది ఆరు ఇళ్ళే కావచ్చు. తప్పు జాతి మాత్రం అదే.

మరి ఆఫీసు ఏం చేయాలి? ఇప్పటి తీరు ఇలా ఉంటుంది. ఎల్‌టీపీ (ప్లాన్లు గీసే లైసెన్సు ఉన్న సాంకేతిక నిపుణుడు) గానీ ఆర్కిటెక్టు గానీ సవరించిన బొమ్మను ఆన్‌లైన్‌లో ఎక్కిస్తారు. పాత ప్రొసీడింగ్స్ (మంజూరు ఉత్తర్వు), దస్తావేజులు, ఈసీ (ఆస్తి మీది లావాదేవీల ధ్రువపత్రం) జతచేస్తారు. క్షేత్ర సిబ్బంది వచ్చి చూసి నివేదిక రాస్తారు. ఏదైనా తక్కువైతే షార్ట్‌ఫాల్ నోటీసు వస్తుంది, అది పూరిస్తే ఫీజు, ఫీజు కడితే మంజూరు. తుది సంతకం మున్సిపాలిటీలోనో పంచాయతీలోనో. ఈ గొలుసులో కొన్నవాడి పేరు ఎక్కడా రాదు. వార్డు కౌన్సిలరుకు కూడా తెలియదు. రాజ్యాంగం 12వ షెడ్యూలులో పట్టణ స్థానిక సంస్థల పనుల్లో మొదటి అంశమే పట్టణ ప్రణాళిక అయినా సరే.

నేను కోరేవి పెద్ద సంస్కరణలు కావు. రివైజ్డ్ దరఖాస్తుతో పాటు ఒక్క పేజీ తేడాల పట్టిక తప్పనిసరి చేయాలి: ఇళ్ళ సంఖ్య, ఖాళీ స్థలం విస్తీర్ణం, అది ఉన్న చోటు, దాని మట్టం, రోడ్ల వెడల్పు, వరుసల మధ్య దూరం, కాలువల పొడవూ వాలూ, బోదె అలైన్‌మెంటు, రోడ్లూ కాలువలూ వేస్తాననే హామీగా బిల్డరు మున్సిపాలిటీకి తనఖా పెట్టిన ఇళ్ళ నంబర్లు. పాతది ఒక గడి, కొత్తది ఒక గడి, కింద ఎల్‌టీపీ సంతకం. ఆ పట్టికా రెండు బొమ్మలూ స్థలం దగ్గర ఫ్లెక్సీ వేసి పదిహేను రోజులు ఉంచాలి. అంగీకార పత్రాలు ఫీజు కట్టకముందే ఫైల్లోకి రావాలి. తనఖా ఇళ్ళ సంగతి ప్రత్యేకంగా ఎందుకంటున్నానంటే, పాత ప్లానులో తనఖాలో ఉన్న మంచి మూల ఇళ్ళను సవరణ పేరుతో విడిపించి, వాటి బదులు ఇంకా పునాది కూడా పడని కొత్త ఇళ్ళను తనఖాలో చూపించడం తేలిక. అప్పుడు రోడ్లూ కాలువలూ వేయకుండా వదిలేసినా మున్సిపాలిటీ చేతిలో పట్టు ఉండదు.

మార్పే వద్దని నేననడం లేదు. సర్వేలో హద్దు తేడా వచ్చి పోరంబోకు బోదె స్థలంలోపలికి వచ్చిందని తేలితే మార్చాల్సిందే. పార్కు మెరక మీద, ఇళ్ళు పల్లంలో గీసిన ప్లాను అయితే బిల్డరు అడగకపోయినా మార్పించాలి. అలాంటి సవరణకు అంగీకారం ఒక్క సమావేశంలో దొరుకుతుంది, పట్టిక చూడగానే లాభం కనిపిస్తుంది కాబట్టి. దొరకనిది, పట్టిక చూస్తే నష్టం కనిపించే సవరణకు.

"కొన్నవాళ్ళు హైదరాబాదులో ఒకరు, దుబాయిలో ఒకరు, డాలస్‌లో ఒకరు, సంతకాలు ఎక్కడ తెచ్చేది?" అన్నది రెండో అభ్యంతరం. రాతపూర్వకం అన్నచోట ఎలక్ట్రానిక్ పత్రం చెల్లుతుందని 2000 నాటి ఐటీ చట్టం 4వ సెక్షనే చెబుతోంది. డబ్బు కిస్తీలు ఆన్‌లైన్‌లో రప్పించుకోగలిగినవారికి సంతకం రప్పించుకోవడం కష్టమేమీ కాదు. అమెరికాలో ఉన్న మనవాళ్ళలో టౌన్‌హోముల్లో ఉండేవారు ఎందరో. అక్కడ చాలా పట్టణాల్లో ఆమోదించిన ప్లానుకు పెద్ద మార్పు చేయాలంటే ప్లానింగ్ కమిషన్ ముందు బహిరంగ విచారణ జరుగుతుంది, చుట్టుపక్కల యజమానులకు ముందుగా ఉత్తరం వస్తుంది, స్థలంలో బోర్డు పెడతారు, చిన్న మార్పులను మాత్రమే సిబ్బంది స్థాయిలో తేలుస్తారు. అక్కడ ఆ ఉత్తరం అందుకుని మీటింగుకు వెళ్ళే మనిషే, తణుకులో కొన్న ఇంటి విషయంలో మాత్రం బావమరిదికో బిల్డరు మనిషికో జీపీఏ (తన తరఫున సంతకం చేసే అధికార పత్రం) రాసిచ్చి ఊరుకుంటాడు. ఆ జీపీఏలో ప్లాను మార్పుకు ఒప్పుకునే అధికారం కూడా ఉందేమో చదవరు. రిజిస్ట్రేషను వరకే అధికారం ఇవ్వండి, ప్లాను సవరణకు అంగీకారం ఇచ్చే అధికారం లేదని విడిగా ఒక వాక్యం రాయించండి.

కొనేటప్పుడే కొన్ని పనులు చేసుకోవాలి. బ్రోచరు బొమ్మను పక్కన పడేసి, మంజూరైన ప్లాను ప్రొసీడింగ్స్ నంబరూ తేదీ ఉన్న పూర్తి సెట్టు అడగండి. ఇవ్వాల్సిన బాధ్యత ప్రమోటరుది, అడిగే హక్కు చట్టం 19వ సెక్షన్ ప్రకారం మీది. ఆ ప్లాను కాపీని అగ్రిమెంట్‌కు అనుబంధంగా పెట్టి రిజిస్టరు చేయించండి. అగ్రిమెంటు రిజిస్టరు కాకుండా ఇంటి ధరలో పది శాతానికి మించి తీసుకోకూడదని 13వ సెక్షన్ అంటుంది, కాబట్టి ఎలాగూ రిజిస్ట్రేషను జరగాలి, అదే సమయంలో ప్లానూ ఎక్కుతుంది. మీ ఇంటి నంబరు, వరుసలో ఎన్నో ఇల్లు, చివరిదైతే "చివరి ఇల్లు" అనీ, పక్క ఖాళీ ఎన్ని అడుగులనీ మాటల్లో రాయించండి. బొమ్మ మీద గీత చెరిగినా మాట ఉంటుంది.

డెల్టాలో పాతిక సెంట్లలో ఆరు, ఏడు, ఎనిమిది డూప్లెక్సులు వేసే చిన్న బిల్డర్లు చాలామంది. స్థలం 500 చదరపు మీటర్లు మించకపోయినా, అన్ని దశలూ కలిపి ఇళ్ళు ఎనిమిది మించకపోయినా రెరా రిజిస్ట్రేషను అక్కర్లేదని 3వ సెక్షన్ మాట. అందుకే ఎనిమిది దగ్గర ఆగుతారు. తరవాత పక్క జాగా కొని "రెండో దశ" అని ఇంకో మూడు వేస్తే, లేదా సవరణలో తొమ్మిదో ఇల్లు కలిపితే, అన్ని దశలూ కలిపి లెక్కించాలి కాబట్టి మినహాయింపు పోతుంది. సవరణ మంజూరు చేసే అధికారి అక్కడే రెరా నంబరు అడగాలి. అడగకపోతే కొన్నవాళ్ళు అడగాలి.

మీకు తెలియకుండానే సవరణ మంజూరైపోయిందని అనుమానం వస్తే ముందు సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకు రుసుము లేదు, మండల స్థాయికి అయిదు రూపాయలు, ఆ పైన పది రూపాయలు. అడగాల్సినవి: సవరించిన ప్లాను, నోట్ ఫైలు, స్థల పరిశీలన నివేదిక దాని తేదీతో, అంగీకార పత్రాలు, జలవనరుల శాఖ ఎన్‌వోసీ, తనఖా దస్తావేజు. "ప్లాను వివరాలు ఇవ్వండి" అని ముక్తసరిగా రాస్తే ముక్తసరి జవాబే వస్తుంది. 30 రోజుల్లో రాకపోతే మొదటి అప్పీలు. అంగీకార పత్రాలు ఫైల్లో లేవని తేలితే ఆ జవాబు కాపీతోనే రెరా అథారిటీకి 31వ సెక్షన్ కింద ఫిర్యాదు, దాంతోపాటు విచారణ ముగిసేదాకా పని ఆపమని 36వ సెక్షన్ కింద మధ్యంతర ఉత్తర్వు కోరుతూ ఇంకో దరఖాస్తు. సమాచార హక్కు జవాబు వచ్చేలోగా గుంతలు తవ్వడం మొదలైతే ఆ జవాబు కోసం ఆగవద్దు, పాత ప్లాను కాపీతోనే ఫిర్యాదు వేసి మిగతావి తరవాత జతచేయవచ్చు. వరుసల మధ్య ఖాళీకి అడ్డంగా టేపు పరిచి, అంకె కనిపించేలా, తేదీ పడేలా ఫొటోలు తీసి పెట్టుకోండి. కాంక్రీటు పడ్డాక ఆ 40 అడుగులు అక్కడ ఉండేవని చూపించడానికి వేరే ఆధారం దొరకదు.